పెద్దవాళ్ల పక్కన కూర్చోండి

(ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇటువంటి సభల్లో బాగా చదవండి, పైకి రండి అని చెప్పడం ఆనవాయితీ. ఆ మాట నాకంటే ముందు మాట్లాడిన పెద్దలు చక్కగా చెప్పారు. నేను వేరొక విషయం మనవి చేస్తాను. మీ చదువు మీకు ఉద్యోగం తెచ్చిపెట్టేలోపు, మీ ఇంట్లో ఉన్న పెద్దవాళ్లకు ఎట్లా ఉపయోగపడుతుంది అన్నదే ఆ విషయం. నేను బడిలో లెక్కలు చెప్పి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. 2021లో మన జోడ్‌భావి పేట్‌లో పెద్దలకు కరోనా టీకాలు వేయించడానికి కాలేజీ పిల్లలు కొందరు తిరిగారు. వాళ్ల వెంట నేనూ తిరిగాను. అప్పుడు తెలుసుకున్నది చెప్పమని నిర్వాహకులు కోరారు.

మన పెద్దల సంగతి మీకు తెలియనిది కాదు. సోలాపూర్‌లో మిల్లులు వచ్చిన కాలంలో తెలంగాణ పల్లెల నుంచి మన పూర్వులు ఇక్కడికి వచ్చారు. మగవాళ్లు మిల్లుల్లో, తర్వాత చద్దర్ల, టవళ్ల కార్ఖానాల్లో పనిచేశారు. ఆడవాళ్లు ఇంటి గడపలో కూర్చుని బీడీలు చుట్టారు. ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ, ఆఫీసు కాగితం మీద ఇంగ్లీషు. ఈ మూడింటి మధ్య బతుకు గడిపిన మన అవ్వల్లో చాలామందికి ఏ భాషలోనూ అక్షరం రాదు. వేయి బీడీల లెక్క ఒక్కటి తప్పకుండా చెప్పగలిగిన మనిషికి ఫోన్‌లో వచ్చిన మెసేజి చదవడం రాదు. అది ఆమె లోపం కాదు. ఆమె చదువుకోవలసిన వయసులో ఆమె చుట్టిన బీడీలతో ఆ ఇల్లు గడిచింది.

ఇక టీకాల సంగతికి వస్తాను. మన దేశంలో 2021 జనవరి 16న వైద్య సిబ్బందితో టీకాలు మొదలయ్యాయి. మార్చి 1 నుంచి 60 ఏళ్లు దాటినవారికి, 45 దాటి షుగరు, బీపీ వంటి జబ్బులున్నవారికి ఇచ్చారు. ఏప్రిల్ 1 నుంచి 45 దాటినవారందరికీ, మే 1 నుంచి 18 దాటినవారికి అవకాశం వచ్చింది. సర్కారు దవాఖానాల్లో ఉచితం. ఆ మార్చిలో ప్రైవేటు ఆసుపత్రుల్లో డోసుకు 250 రూపాయలకు మించి తీసుకోకూడదని నిర్ణయించారు. పేరు నమోదుకు కోవిన్ అనే పోర్టల్ పెట్టారు. ఒక ఫోన్ నంబరు మీద అప్పట్లో నలుగురి పేర్లు రాయించుకోవచ్చు. అయితే ఆ పోర్టల్ తెలుగు, మరాఠీ వంటి భాషల్లో కనిపించింది 2021 జూన్‌లో. అంటే రెండో అల మన వీధుల్ని ఊపేసిన ఏప్రిల్, మే నెలల్లో మన అవ్వలకు అది అర్థంకాని గోడ.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం చాలామందికి తెలియదు. పెద్దవాళ్లకు ఫోన్ లేకపోయినా, కోవిన్‌లో ముందుగా పేరు లేకపోయినా, గుర్తింపు కార్డు పట్టుకుని నేరుగా కేంద్రానికి వెళ్లి అక్కడే పేరు రాయించుకునే వీలు మార్చి 1 నుంచే ఉంది. ఆధార్ ఒక్కటే కాదు, ఓటరు కార్డు, పాన్ కార్డు, ఫొటో ఉన్న పెన్షన్ కాగితం కూడా చెల్లేవి. ఈ సంగతి ఎవరూ నోటితో చెప్పకపోవడం వల్ల “ఫోన్ లేనోళ్లకు టీకా లేదట” అనే మాట మన గల్లీల్లో పాకింది. టీకా నిల్వలు లేక తిప్పిపంపిన రోజులూ ఉన్నాయి. అది వేరే సంగతి. కానీ అర్హత ఉండి కూడా లేదనుకుని ఇంట్లో కూర్చున్నవారు ఎందరో. మా వెనుక గల్లీలో ఒక బీడీ కార్మికురాలు మనవడు కొత్త ఫోన్ కొంటాడని, అప్పుడు పేరు రాయిస్తాడని ఎదురుచూస్తూ మే నెలలో కరోనాతో పోయింది. టీకా వేసుకుంటే బతికేదని నేను చెప్పలేను. కానీ ఆమె ఎదురుచూడవలసిన అవసరం లేదని చెప్పగలిగిన చదువుకున్న పిల్లలు ఆ గల్లీలో ఉన్నారు. ఎవరూ వెళ్లి చెప్పలేదు.

అవ్వ అడిగిన ప్రశ్న

టీకా అందరికీ కావాలి, నిల్వలు తక్కువ, నియమాలు తరచూ మారుతున్నాయి. మోసగాడికి ఇంతకంటే మంచి కాలం ఉండదు. 2021 జనవరి మొదటి వారంలోనే, అంటే టీకాలు మొదలుకాకముందే, కోవిన్ పేరుతో దొంగ యాప్‌లు తిరుగుతున్నాయని కేంద్ర ఆరోగ్య శాఖ హెచ్చరించింది. ఆరోగ్య శాఖ నుంచి మాట్లాడుతున్నామని, టీకాకు పేరు రాస్తామని, ఆధార్ నంబరు, ఓటీపీ చెప్పమని ఫోన్లు వచ్చాయి. 2022 జనవరి 10న 60 దాటిన జబ్బుమనుషులకు ముందుజాగ్రత్త డోసు మొదలైంది. దాని పేరుతో కూడా అవే ఫోన్లు వచ్చాయి.

మా పేటలో ఒక తాతకు అటువంటి ఫోన్ వచ్చింది. కార్ఖానాలో వార్పు పని చేసి మానుకున్న మనిషి. పిల్లలిచ్చిన డబ్బు, తన పెన్షన్ కలిపి బ్యాంకులో దాచుకున్నాడు. ఫోన్‌లో మాట్లాడినవాడు మర్యాదగా హిందీలో మాట్లాడి, టీకా సీటు ఖాయమైందని చెప్పి, వచ్చిన నంబరు చెప్పించుకున్నాడు. ఖాతాలో ఉన్నదంతా పోయింది. మేము రెండు రోజుల తర్వాత ఆ ఇంటికి వెళ్లాం. తాత మాతో మాట్లాడలేదు. లోపలి నుంచి అవ్వ వచ్చి అడిగింది.

“సారూ, మీరు అడిగేది ఆధార్ కార్డే, వాడు అడిగింది ఆధార్ కార్డే. మీరు ఫోన్ల వచ్చిన నంబరు చెప్పుమంటరు, వాడు గదే చెప్పుమన్నడు. మీరు మంచోళ్లు, వాడు దొంగ అని మాకెట్ల తెల్వాలె?”

మాతో వచ్చిన పిల్లలు ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేక ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎందుకంటే అవ్వ చెప్పింది నిజం. సాయం చేసేవాడు, మోసం చేసేవాడు ఇద్దరూ అవే వస్తువులు అడుగుతారు. తాత ఆ తర్వాత డబ్బు గురించి బాధపడడం మానేశాడు గానీ, టీకా మాటెత్తితే లేచి బయటికి వెళ్లిపోయేవాడు. మోసం వల్ల పోయేది డబ్బు ఒక్కటే కాదని నాకు అక్కడ అర్థమైంది. ఆ ఇంటి నమ్మకం పోతుంది. దానితోపాటు టీకా పోతుంది, రేపు పెన్షన్ కాగితం పోతుంది, దవాఖాన పోతుంది.

కాబట్టి పెద్దవాళ్లకు సాయం చేసేవాడి మొదటి పని, తన సాయం దొంగ సాయంలా కనిపించకుండా చూసుకోవడం. “నన్ను నమ్ము అవ్వా” అంటే చాలదు. ఆ మాట దొంగ కూడా అంటాడు. నమ్మదగిన పద్ధతి ఏమిటో ఆమెకు కళ్లతో కనిపించాలి. ఆ రాత్రి పిల్లలందరం కూర్చుని కొన్ని కట్టుబాట్లు రాసుకున్నాం. అవి మీకు చెబుతాను.

మేము పెట్టుకున్న కట్టుబాట్లు

మొదటిది, ఫోన్ మీద ఏ పనీ చేయకూడదు. ఇంటికే వెళ్లాలి. ఒక్కరు కాదు, ఇద్దరు వెళ్లాలి. ఆ ఇద్దరిలో ఒకరు ఆ గల్లీ వారై ఉండాలి. “మా పేరుతో ఎవరైనా ఫోన్ చేసి అడిగితే అది మేము కాదు. మేము ఎప్పుడూ గడప దగ్గరికే వస్తాం” అని ముందే చెప్పాలి.

రెండోది, డబ్బు ముట్టకూడదు. సర్కారు టీకా ఉచితమని, పేరు రాయడం ఉచితమని గట్టిగా చెప్పాలి. ప్రేమతో పది రూపాయలు చేతిలో పెట్టినా తీసుకోకూడదు. చాయ్ ఇస్తే తాగవచ్చు. ఇవ్వాళ మనం పది తీసుకుంటే, రేపు వేరేవాడు అయిదు వందలు అడిగినా అది మామూలే అనుకుంటుంది.

మూడోది, ఫోన్ పెద్దవాళ్ల చేతిలోనే ఉండాలి. మనం నంబరు నొక్కే ముందే చెప్పాలి: “అవ్వా, ఇప్పుడు నేను ఇది నొక్కుతున్నాను. కాసేపట్లో నీ ఫోన్ టింగుమంటుంది. అది మనం అడిగితే వచ్చింది.” మెసేజి రాగానే అంకెలు మాత్రమే చదవకూడదు. మొత్తం మెసేజిని తెలుగులో వినిపించాలి. ఎందుకంటే అది దేనికి వచ్చిందో ఆ మెసేజిలోనే రాసి ఉంటుంది. కోవిన్ నుంచి వచ్చిన దానిలో కోవిన్ అని ఉంటుంది. బ్యాంకు నుంచి వచ్చిన దానిలో ఇంత డబ్బు తీయడానికి అని ఉంటుంది. తాతకు వచ్చిన మెసేజిలో కూడా ఆ మాట ఉంది. చదివి చెప్పే మనిషి పక్కన లేడు. మనం అడగకుండా వచ్చిన నంబరు కన్నకొడుక్కి కూడా చెప్పవద్దని ప్రతి ఇంట్లో చెప్పాం.

ఇందులో ఒక చిక్కు వచ్చింది. 2021 మే 8 నుంచి కోవిన్ నాలుగంకెల రహస్య సంఖ్య ఒకటి ఇవ్వడం మొదలుపెట్టింది. స్లాటు తీసుకున్నవారు టీకా కేంద్రంలో ఆ సంఖ్య చెప్పాలి. ఒక నంబరు ఎవరికీ చెప్పవద్దంటిరి, ఈ నంబరు చెప్పాలంటిరి, ఇదేమిటి అని పెద్దవాళ్లు అడిగారు. అడగవలసిన ప్రశ్నే. మేము ఇట్లా చెప్పాం: “టీకా నంబరు దవాఖానలో, సూది వేసేవాళ్ల ఎదుట నిలబడి చెప్పేది. ఫోన్‌లో అడిగినవాడికి చెప్పే నంబరు ఏదీ లేదు.” ఈ ఒక్క మాట వాళ్లకు బాగా పట్టుబడింది.

నాలుగోది, కార్డుల ఫొటోలు తీయకూడదు. కార్డు చూసి నంబరు నింపి, అక్కడికక్కడే తిరిగి చేతిలో పెట్టాలి. మన ఫోన్‌లో నలభై మంది ఆధార్ ఫొటోలుంటే, మన ఫోన్ పోయిన రోజున నలభై ఇళ్లకు ముప్పు.

అయిదోది, కాగితం. నోటుబుక్కులో సగం పేజీ చింపి పెద్ద అక్షరాలతో రాసి ఇచ్చాం. పేరు, ఏ టీకా, మొదటి డోసు తేదీ, రెండోది ఎప్పుడు, ఎవరి ఫోన్ నంబరు మీద పేరుంది. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది. కానీ ఒక నంబరు మీద నలుగురు ఉన్నప్పుడు, పక్కింటి అబ్బాయి ఫోన్‌లో అవ్వ టీకా వివరాలు ఉన్నప్పుడు, ఆ అబ్బాయి పుణెకు ఉద్యోగానికి వెళ్లిపోతే ఈ కాగితమే దిక్కు. పైగా కోవిషీల్డ్ రెండు డోసుల మధ్య గడువు మొదట 4 నుంచి 6 వారాలు ఉండేది. మార్చిలో 6 నుంచి 8 వారాలు మంచిదన్నారు. మే 13న 12 నుంచి 16 వారాలకు పెంచారు. కోవాగ్జిన్‌కు మాత్రం 4 నుంచి 6 వారాలే. పక్క పక్క ఇళ్లలో ఇద్దరికి రెండు తేదీలు. “నన్ను ఎందుకు తిప్పి పంపిండ్రు” అని కోపం. గడువు మారినప్పుడల్లా ఇల్లిల్లూ తిరిగి కాగితం మీద పాత తేదీ కొట్టేసి కొత్తది రాశాం. ఆ గందరగోళంలోనే మోసగాడు “డబ్బిస్తే రేపే వేయిస్తా” అంటాడు. తేదీ కాగితం మీద ఉన్న ఇంట్లో ఆ మాట చెల్లదు.

భయం వెనుక ఉన్న లెక్క

పెద్దవాళ్లు టీకాకు భయపడుతున్నారు, మూఢనమ్మకం అని కొందరు చదువుకున్నవారు తేలిగ్గా మాట్లాడారు. మా అనుభవం వేరు. టీకా వేసుకుంటే ఒకటి రెండు రోజులు జ్వరం, ఒళ్లునొప్పులు రావచ్చు. నెల జీతం ఉన్నవారు పడుకుని లేస్తారు. బీడీలు చుట్టే అమ్మకు చుట్టిన బీడీలకే కూలి. రెండు రోజులు పడుకుంటే రెండు రోజుల కూలి లేదు. తెచ్చుకున్న ఆకు ఎండిపోతుంది. ఇది భయం కాదు, లెక్క. ఆ లెక్కకు జవాబు లెక్కతోనే చెప్పాలి. అత్తా కోడళ్లను ఒకే రోజు తీసుకువెళ్లకుండా వారం తేడాతో తీసుకువెళ్లాం. సెలవుకు ముందు రోజు చూసుకుని వెళ్లాం. ఆకు తక్కువగా తడపమని ముందే చెప్పాం. బీపీ, షుగరు గోలీలు మానకుండా వేసుకోమని, రక్తం పలచబడే మందులు వాడేవారు ఆ సంగతి సూది వేసే ముందు చెప్పాలని, టీకా తర్వాత అరగంట అక్కడే కూర్చోవాలని చెప్పాం. జ్వరం వస్తుందని ముందే చెబితే, వచ్చినప్పుడు ఎవరూ బెదరలేదు.

చదువుకున్నవారూ మోసపోయారు

మోసపోవడం చదువురానివారి వంతు అని మీరు అనుకుంటే పొరపాటు. 2021 మే 30న ముంబై కాందివలిలోని ఒక హౌసింగ్ సొసైటీలో టీకా శిబిరం జరిగింది. 390 మంది డోసుకు 1,260 రూపాయలు చెల్లించి సూది వేయించుకున్నారు. ఎవరికీ ఫోన్‌లో మెసేజి రాలేదు. తర్వాత వచ్చిన సర్టిఫికెట్లు వేర్వేరు ఆసుపత్రుల పేర్లతో ఉన్నాయి. ఆ ఆసుపత్రులను అడిగితే మాకు తెలియదన్నాయి. ఆ శిబిరం దొంగదని అట్లా బయటపడింది. అదే ఏడాది జూన్‌లో కోల్‌కతా కస్బాలో ఒకడు ఐఏఎస్ అధికారినని చెప్పుకుని శిబిరాలు పెట్టాడు. పార్లమెంటు సభ్యురాలు మిమీ చక్రవర్తి కూడా అక్కడ సూది వేయించుకున్నారు. మెసేజి రాకపోవడంతో ఆమె అనుమానించి ఫిర్యాదు చేశారు. అప్పుడు గుట్టు రట్టయింది.

ఈ రెండు చోట్లా దొంగను పట్టించింది పెద్ద తెలివితేటలు కాదు. రావలసిన మెసేజి రాలేదని గమనించడం, వచ్చిన కాగితం మీద ఏముందో చదవడం. మీకు వచ్చిన చదువు దానికి చాలు.

మా తాత సంగతి చెప్పి ముగింపుకు వస్తాను. మేము ఆయన్ని బలవంతపెట్టలేదు. జూన్‌లో ఆయన మనవడు, పదకొండో తరగతి పిల్లవాడు, “తాతా, ఫోన్ ఇంట్లో పెట్టేద్దాం. ఓటరు కార్డు ఒక్కటి పట్టుకో, నడిచిపోదాం” అన్నాడు. ఇద్దరూ మహానగరపాలిక దవాఖానకు నడిచి వెళ్లారు. వరుసలో నిలబడ్డారు. తాత తన కార్డు తానే చూపించాడు. తన పేరు తానే చెప్పాడు. తిరిగి వచ్చి మా గడప ముందు ఆగి, “ఎవ్వడు పైస అడగలే సారూ” అన్నాడు. డబ్బు తిరిగి రాలేదు. కానీ ఆ మనిషి మళ్లీ బ్యాంకుకు, దవాఖానకు వెళ్లగలిగాడు.

ఈనాడు మీ వంతు

కరోనా అత్యవసర పరిస్థితి ముగిసిందని 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. టీకా కేంద్రాల ముందు వరుసలు లేవు. అయితే మోసగాళ్లు విశ్రాంతి తీసుకోలేదు, వేషం మార్చారు. పెన్షన్ కోసం ఏటా ఇచ్చే జీవన ప్రమాణ పత్రం పేరుతో ఫోన్ వస్తుంది. 2024 అక్టోబరులో 70 దాటినవారందరికీ ఏడాదికి అయిదు లక్షల వరకు వైద్యం ఇచ్చే ఆయుష్మాన్ కార్డు మొదలైంది. ఆ కార్డుకు పేరు రాయడం ఉచితం. దానికీ డబ్బు అడిగేవారు ఉంటారు. పోలీసు వేషంలో వీడియో కాల్ చేసి “డిజిటల్ అరెస్ట్” అని బెదిరిస్తారు. అటువంటి అరెస్టు మన చట్టంలో లేనే లేదు.

రెండు నంబర్లు ఈ రోజే ఇంటి గోడ మీద పెద్దగా రాయండి. డబ్బు పోయిందని తెలిసిన క్షణంలో 1930కి ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చేస్తే, ఆ డబ్బు దొంగ ఖాతాలో కదలకుండా ఆపే అవకాశం అంత ఎక్కువ. రెండు రోజులు సిగ్గుపడి దాచుకుంటే డబ్బు ఖాతాలు దాటిపోతుంది. అందుకే పెద్దవాళ్లు మోసపోయామని చెప్పినప్పుడు వారిని తిట్టకండి. తిట్టిన ఇంట్లో మరోసారి ఎవరూ చెప్పరు. రెండోది 14567, పెద్దల కోసం ఉన్న సహాయ నంబరు. ఇది 2017లో మన హైదరాబాదులో మొదలై, 2021 అక్టోబరు 1న అప్పటి ఉపరాష్ట్రపతి ఎం. వెంకయ్య నాయుడు గారి చేతుల మీదుగా దేశమంతటికీ వచ్చింది.

విద్యార్థులారా, మీకు ఈ రోజు అందిన ఉపకార వేతనంలో ఈ పేట పెద్దల చెమట ఉంది. దానికి బదులుగా ట్రస్టు మిమ్మల్ని ఏమీ అడగదు. నేను ఒక్కటి అడుగుతున్నాను. వారానికి ఒక గంట మీ ఇంటి పెద్దల పక్కన కూర్చోండి. ఫోన్ లాక్కుని టకటకా నొక్కి పని ముగించకండి. వాళ్ల చేతిలోనే ఉంచి, వచ్చిన ప్రతి మెసేజి తెలుగులో చదివి వినిపించండి. ఇది దేనికి వచ్చింది, ఎవరు పంపారు, మనం అడిగామా అన్న మూడు ప్రశ్నలు వాళ్ల చేత అడిగించండి. మీ ఇంట్లో అవ్వ, తాత లేకపోతే పక్కింట్లో ఉంటారు. మన పేటలో వాళ్లకు కొదవలేదు.